టూరిస్ట్ వీసా మీద నెలల తరబడి విదేశాల్లో ఉండాలంటే: రోజుల లెక్క నుంచి తిరుగు ప్రయాణం దాకా

పది రోజుల టూరుకు వీసా తీసుకోవడం ఒక ఎత్తు, మూడు నెలలో ఆరు నెలలో ఉండటానికి తీసుకోవడం ఇంకో ఎత్తు. పది రోజుల టూరైతే ఒక దరఖాస్తు, రానూపోనూ టికెట్, ఒక హోటల్ బుకింగ్‌తో పని అయిపోతుంది. ఎక్కువ కాలం ఉండాలనుకున్నప్పుడు మాత్రం ప్రతి రోజుకూ లెక్క చెప్పాలి. అన్ని రోజులు ఎందుకు, డబ్బెక్కడిది, తిరిగి వస్తారని నమ్మకమేమిటి అని వీసా ఆఫీసర్ అడుగుతారు. దిగాక ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ మళ్లీ అవే అడుగుతారు.

చాలామంది టికెట్లు చవగ్గా దొరికాయని ముందే కొనేసి, ఆ తేదీలకు వీసా సరిపోయేలా చూడాలని తర్వాత తంటాలు పడతారు. ఈ వరుస తిరగేయాలి. ముందు రోజుల లెక్క, తర్వాత వీసా, అన్నిటికన్నా చివర టికెట్టు. కింద రాసినదంతా ఆ వరుసలోనే ఉంటుంది. నిబంధనలు మీ పాస్‌పోర్ట్ ఏ దేశానిదో దాన్ని బట్టి మారతాయి, తరచూ సవరిస్తూ ఉంటారు కూడా. అందుకే ఫీజు కట్టే రోజున ఆ దేశపు అధికారిక సైట్లో ఇంకోసారి చూసుకోండి.

1. అక్కడ ఏం చేయబోతున్నారో తేల్చుకోండి

ఊళ్లు చూడటం, బంధువుల దగ్గర ఉండటం, విశ్రాంతి తీసుకోవడం లాంటివే టూరిస్ట్ వీసా మీద చేయాలి. అక్కడి సంస్థ దగ్గర జీతానికి పనిచేయడం ఎక్కడా కుదరదు. ఇంతవరకు అందరికీ తెలుసు. చిక్కంతా మధ్యలో ఉండే పనులతోనే వస్తుంది.

చదువు సంగతి తీసుకుందాం. కెనడాలో ఆరు నెలల్లోపు కోర్సుకు స్టడీ పర్మిట్ అక్కర్లేదు. ఆస్ట్రేలియా విజిటర్ వీసా మీద మూడు నెలల వరకు చదవచ్చు. అమెరికా బీ2 (టూరిస్ట్) వీసా మీద సరదాగా నేర్చుకునే చిన్న క్లాసులు తప్ప, డిగ్రీకి క్రెడిట్లు వచ్చే చదువు చదవకూడదు.

లాప్‌టాప్ పట్టుకెళ్లి సొంత దేశంలోని కంపెనీకి పనిచేయడం ఇంకో చిక్కు. 2024 జనవరి 31 నుంచి బ్రిటన్ తన విజిటర్లను దీనికి అనుమతిస్తోంది, కాకపోతే వచ్చిన ముఖ్యోద్దేశం అది కాకూడదు. న్యూజిలాండ్ 2025 జనవరి 27 నుంచి అనుమతిస్తోంది. చాలా దేశాలు ఈ విషయంలో స్పష్టంగా ఏమీ చెప్పవు. అలాంటి చోట "ఎవరికి తెలుస్తుందిలే" అనుకుని వెళ్లొద్దు. పని చేయడమే ప్రధానమైతే అందుకు విడిగా వీసాలున్నాయి. ఎస్టోనియా 2020లోనే డిజిటల్ నొమాడ్ వీసా తెచ్చింది. పోర్చుగల్, స్పెయిన్, క్రొయేషియా లాంటివి తర్వాత వచ్చాయి. థాయ్‌లాండ్ 2024 జూలైలో డీటీవీ అనే అయిదేళ్ల వీసా మొదలుపెట్టింది. దాని మీద ఒక్కో రాకకు 180 రోజులు ఉండొచ్చు, అయితే ఖాతాలో 5 లక్షల బాత్ చూపించాలి.

పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ఇక్కడే ఒక్క నిమిషం ఆగాలి. మామూలు విజిటర్ వీసాకే వెళ్లాలని ఏమీ లేదు. కెనడా సూపర్ వీసా మీద ఒకసారి వెళ్తే అయిదేళ్ల దాకా ఉండొచ్చు. ఆస్ట్రేలియాలో 870 అనే స్పాన్సర్డ్ పేరెంట్ వీసా మూడేళ్లకో అయిదేళ్లకో ఇస్తారు. ఫీజులు, ఆదాయ షరతులు ఎక్కువే. అయినా ఏటా ఆరు నెలలకొకసారి తిరుగుతూ, ప్రతిసారీ కౌంటర్ దగ్గర గుండె దడతో నిలబడే పెద్దవాళ్లకు ఇదే మేలని నా అభిప్రాయం.

2. వీసా గడువు వేరు, ఉండే గడువు వేరు

ఈ ఒక్క తేడా అర్థమైతే సగం తప్పులు జరగవు. పాస్‌పోర్ట్‌లో అతికించిన షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) వీసా స్టిక్కర్ ఒకటి ముందు పెట్టుకుని చదువుదాం. దాని మీద మే 4 నుంచి ఆగస్టు 4 వరకు అని రెండు తేదీలుంటాయి. పక్కనే, ఎంతకాలం ఉండొచ్చో చెప్పే గడిలో 78 రోజులు అని ఉంటుంది. ఎన్నిసార్లు రావచ్చో చెప్పే గడిలో 01 ఉంటుంది.

తేదీలు మాత్రమే చూసినవాళ్లు ఆగస్టు 4 దాకా ఉండొచ్చనుకుంటారు. నిజానికి ఉండగలిగేది 78 రోజులే. మే 4న దిగితే జూలై 20 సాయంత్రానికి బయటపడాలి. మిగిలిన 15 రోజులు, ప్రయాణం కాస్త అటూఇటూ జరుపుకోవాల్సి వస్తే పనికి రావాలని ఇచ్చిన వెసులుబాటు. మే 10న దిగితే జూలై 26 వరకు ఉండొచ్చు. ఇక 01 అంటే ఒక్కసారే లోపలికి రావడం. మధ్యలో బ్రిటన్ చూసొద్దామని బయటికి వెళ్తే, రోజులు మిగిలి ఉన్నా తిరిగి రానివ్వరు. అందుకు మల్టిపుల్ ఎంట్రీ కావాలి. దరఖాస్తులో ఆ గడిలో టిక్ పెడితే సరిపోదు, ఎందుకు కావాలో ప్రయాణ ప్రణాళికలో కనిపించాలి.

అమెరికాది మరో పద్ధతి. పదేళ్ల వీసా చేతిలో ఉన్నంత మాత్రాన పదేళ్లు ఉండటానికి లేదు. అది ఆ పదేళ్లలో వచ్చి లోపలికి రానివ్వమని అడిగే అర్హత మాత్రమే. ఎన్నాళ్లు ఉండొచ్చో దిగిన చోట ఆఫీసర్ నిర్ణయిస్తారు. బీ2 మీద మామూలుగా ఆరు నెలలిస్తారు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. మీ ఆఖరి రోజు అదే. బ్రిటన్ రెండేళ్ల, అయిదేళ్ల, పదేళ్ల విజిటర్ వీసాల మీద కూడా ఒక్కో రాకకు ఆరు నెలలు దాటకూడదు. అలాగని ఆరు నెలలుండి, నాలుగు రోజులు బయట తిరిగి, మళ్లీ ఆరు నెలలకు వెళ్తే అక్కడే కాపురం పెడుతున్నారని అనుమానిస్తారు, వెనక్కి పంపినా పంపుతారు.

3. ఏ దేశానికి ఏ దారి

ఎక్కువ కాలం ఉండాలనుకునేవారి దృష్టితో చూస్తే దేశాలు మూడు నాలుగు రకాలు.

ఒకేసారి ఆరు నెలలు ఇచ్చేవి ఉన్నాయి: బ్రిటన్, కెనడా, మామూలుగా అమెరికా. ఒకే చోట కుదురుగా ఉండాలనుకునేవారికి ఇవి సుఖం.

ఎంతకాలం కావాలో ముందే అడగాల్సినవి మరికొన్ని. ఆస్ట్రేలియా 600 అనే విజిటర్ వీసా మూడు, ఆరు, పన్నెండు నెలలకు ఇస్తారు. అడిగినంత ఇవ్వాలని లేదు. వచ్చిన అనుమతి లేఖలో 8503 అనే షరతు ఉందేమో తప్పక వెతకండి. అది ఉంటే అక్కడ ఉండగా పొడిగింపు అడగడానికి దాదాపు దారులన్నీ మూసుకున్నట్టే.

తక్కువ రోజులిచ్చి, అక్కడే పొడిగించేవి కొన్ని. థాయ్‌లాండ్ టూరిస్ట్ వీసా మీద 60 రోజులిస్తారు. ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి టీఎం-7 ఫారం నింపి, 1,900 బాత్ కడితే ఇంకో 30 రోజులు దొరుకుతాయి. ఇండోనేషియాలో వీసా ఆన్ అరైవల్ 30 రోజులకు ఇస్తారు, దాన్ని ఒకసారి ఇంకో 30 రోజులు పొడిగిస్తారు.

చివరిది షెంగెన్. ఇక్కడ ఉండే రోజుల లెక్క కదులుతూ ఉంటుంది. ఎక్కువమంది తప్పు చేసేది ఇందులోనే కాబట్టి దీన్ని విడిగా చూద్దాం.

4. షెంగెన్ లెక్క, కాగితం మీద

షెంగెన్‌లో ఇప్పుడు 29 దేశాలున్నాయి. 2025 జనవరి 1న బల్గేరియా, రొమేనియా పూర్తిగా చేరాయి. ఈ 29 దేశాలకూ కలిపి ఒకటే ఖాతా. ఫ్రాన్స్‌లో 40 రోజులుండి ఇటలీకి వెళ్తే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవదు. ఐర్లాండ్, బ్రిటన్, సైప్రస్ ఈ ఖాతాలో లేవు. అక్కడ గడిపిన రోజులు దీనికి అంటవు.

నియమం ఇది: మీరు అక్కడున్న ఏ రోజైనా తీసుకోండి. ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజులు లెక్కపెట్టండి. ఆ 180 రోజుల్లో షెంగెన్‌లో గడిపినవి 90కి మించకూడదు. దిగిన రోజు ఒక రోజు, వెళ్లిన రోజు కూడా ఒక రోజే. రాత్రి పదకొండున్నరకు దిగినా అది పూర్తి రోజు కిందే లెక్క.

ఉదాహరణకు, రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉన్న ఒక మనిషి 2026 మార్చి 1న దిగి ఏప్రిల్ 29న వెళ్లిపోయారనుకోండి. మార్చిలో 31, ఏప్రిల్‌లో 29, మొత్తం 60 రోజులు. తర్వాత బ్రిటన్‌లో రెండు నెలలుండి జూలై 1న మళ్లీ షెంగెన్‌లోకి వచ్చారు. ఎంతకాలం ఉండొచ్చు? జూలై 30న లెక్క చూస్తే, వెనక్కి 180 రోజులంటే ఫిబ్రవరి 1 దాకా వెళ్తుంది. పాత 60 రోజులూ అందులోనే ఉన్నాయి. జూలైలో గడిపిన 30 కలిపితే సరిగ్గా 90. జూలై 31న కూడా ఉంటే 91, అంటే ఓవర్‌స్టే, గడువు మించి ఉండటం. కాబట్టి జూలై 30 ఆఖరి రోజు.

మళ్లీ ఎప్పుడు రావచ్చు? పాత రోజులు ఒక్కొక్కటిగా 180 రోజుల కిటికీలోంచి జారిపోవాలి. మార్చి 1 జారిపోయేది ఆగస్టు 28న. ఆ రోజు దిగితే, రోజుకొక కొత్త రోజు చేరుతుంటే రోజుకొక పాత రోజు పోతుంటుంది, లెక్క 90 దగ్గరే నిలుస్తుంది. ఇలా అక్టోబర్ 26 వరకు 60 రోజులు గడపొచ్చు. అక్టోబర్ 27న మాత్రం జారిపోవడానికి పాత రోజు లేదు, ఎందుకంటే మే, జూన్ నెలల్లో ఆయన షెంగెన్‌లోనే లేరు. జూలై 1 కిటికీలోంచి పోవాలంటే డిసెంబర్ 28 దాకా ఆగాలి.

ఈ లెక్క నేను ఇప్పటికీ కాగితం క్యాలెండర్ మీదే వేస్తాను. షెంగెన్‌లో ఉన్న రోజులకు ఎర్ర పెన్సిలు, బయట ఉన్న రోజులకు నీలం. 180 గళ్ల పొడవున ఒక కాగితం ముక్క కత్తిరించి, దాని కుడి అంచు ఏ రోజు మీద పెడితే ఆ రోజుకు లెక్క కింద కనిపిస్తుంది. ఎర్ర గళ్లు లెక్కపెట్టుకోవడమే. ఆ తర్వాత యూరోపియన్ కమిషన్ సైట్లో ఉన్న క్యాలిక్యులేటర్‌తో సరిచూసుకుంటాను. రెండూ కలిశాకే తేదీలు ఖాయం. అప్పుడు కూడా 90 రోజులూ వాడేయొద్దు. ఫ్లైట్ ఆలస్యమై అర్ధరాత్రి దాటినా, జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచం పట్టినా తట్టుకునేలా అయిదారు రోజులు చేతిలో ఉంచుకోండి.

షెంగెన్‌కు బయట గడపాల్సిన రోజులకు ఒక వెసులుబాటు ఉంది. చెల్లుబాటయ్యే షెంగెన్, బ్రిటన్, అమెరికా వీసాల్లో ఏదో ఒకటి ఉన్నవారిని జార్జియా విడిగా వీసా లేకుండానే 180 రోజుల్లో 90 రోజులు ఉండనిస్తుంది. అల్బేనియా కూడా, ఇంతకుముందు వాడిన మల్టిపుల్ ఎంట్రీ వీసా అయితే రానిస్తుంది. అలా ఒక వీసా ఇంకో తలుపు కూడా తెరుస్తుంది.

5. ఏ వీసా ముందు, ఏది తర్వాత

రెండు మూడు దేశాలు కలిపి వెళ్లేటప్పుడు అసలు ఇబ్బంది ఒకటే. పాస్‌పోర్ట్ ఒక్కటి, దాన్ని అడిగే ఎంబసీలు మూడు. ఒకరి దగ్గర ఉండగా ఇంకొకరికి ఇవ్వలేరు.

నేను పాటించే వరుస ఏమిటంటే, చాలాకాలం చెల్లేవి ముందు, కొద్దికాలమే చెల్లేవి చివర. అమెరికా ఇంటర్వ్యూ అపాయింట్‌మెంట్‌కు కొన్ని చోట్ల నెలల తరబడి ఎదురుచూడాలి, వీసా వచ్చాక ఏళ్లపాటు ఉంటుంది కాబట్టి ముందు దాని పని మొదలుపెట్టాలి. బ్రిటన్ విజిటర్ వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, మామూలుగా మూడు వారాల్లో తేలుస్తారు. షెంగెన్‌కు ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. నిర్ణయానికి 15 రోజులు, అదనపు పరిశీలన అవసరమైతే 45 రోజుల దాకా పడుతుంది. బయలుదేరే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ పాస్‌పోర్ట్ ఏ వారం ఎవరి దగ్గర ఉంటుందో ఒక కాగితం మీద రాసుకోండి.

షెంగెన్‌లో ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్నది మన ఇష్టం కాదు. ఎక్కువ రోజులు ఉండే దేశానికే చేయాలి. అన్ని దేశాల్లోనూ సమానంగా ఉంటే ముందు అడుగుపెట్టే దేశానికి. అపాయింట్‌మెంట్ తొందరగా దొరికిందని వేరే దేశానికి పెట్టి, హోటళ్లన్నీ ఇంకో దేశంలో చూపిస్తే దరఖాస్తు నిలవదు. ఇంకో విషయం, ప్రయాణం మధ్యలో మూడో దేశంలో కూర్చుని తర్వాతి వీసాకు పెట్టుకుందాం అనుకోకండి. చాలా కాన్సులేట్లు తమ పరిధిలో చట్టబద్ధంగా నివసించేవారి దరఖాస్తులే తీసుకుంటాయి. అన్నీ ఇంటి దగ్గరే పూర్తిచేసుకుని కదలండి.

ఇదంతా మొదలుపెట్టే ముందు పాస్‌పోర్ట్ తిప్పి చూడండి. షెంగెన్‌కైతే అది పదేళ్లలోపు జారీ అయినదై ఉండాలి, తిరిగి వచ్చే తేదీ తర్వాత మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. థాయ్‌లాండ్, ఇండోనేషియా లాంటివి దిగేనాటికి ఆరు నెలలు మిగిలి ఉండాలంటాయి. నెలల ప్రయాణంలో ఇది చివరి దేశం దగ్గర దెబ్బ కొడుతుంది. బయలుదేరినప్పుడు పది నెలలున్న పాస్‌పోర్ట్‌కు, అయిదో నెలలో అయిదే మిగులుతాయి కదా.

6. ఫైలు

ఎక్కువ రోజులు అడిగేవారి ఫైలులో ఆఫీసర్ వెతికేది మూడు ప్రశ్నలకు జవాబు. ఇన్ని రోజులు ఎందుకు? ఖర్చెవరిది? వెనక్కి రావడానికి కారణమేమిటి? ప్రతి కాగితమూ వీటిలో దేనికో ఒకదానికి జవాబు కావాలి. కాకపోతే అది ఫైలులో అనవసరం.

మొదటి ప్రశ్నకు కవర్ లెటరే జవాబు. చాలామంది ఇంటర్నెట్‌లో దొరికిన నమూనాలో పేర్లు మార్చి ఇచ్చేస్తారు. అలా వద్దు. ఒక పేజీలో మీ మాటల్లో, సూటిగా రాయండి. ఇలాంటి ధోరణిలో:

"నేను మే 4 నుంచి జూలై 20 వరకు 78 రోజులు ఉండాలనుకుంటున్నాను. ఏప్రిల్‌లో ఉద్యోగ విరమణ చేస్తున్నాను, సంస్థ లేఖ జతచేశాను. మొదటి 50 రోజులు లిస్బన్‌లో ఒకే అద్దె ఇంట్లో ఉంటాను. తర్వాత 28 రోజులు రైల్లో స్పెయిన్ చూస్తాను. నెలవారీ ఖర్చు అంచనా, పొదుపు ఖాతా వివరాలు వెనుక పేజీలో ఉన్నాయి. జూలై చివర్లో మా అమ్మాయి పెళ్లి ఉంది, అందుకు తిరిగి వస్తున్నాను."

ఇందులో పెద్ద మాటలేమీ లేవు. కానీ రోజులు కూడితే సరిపోతాయి, ప్రతి వాక్యానికీ వెనుక ఒక కాగితం ఉంది. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు మూడు నెలల సెలవు ఎలా దొరికిందన్నదే అసలు ప్రశ్న. సెలవు మంజూరైన లేఖలో తేదీలు, తిరిగి చేరే రోజు స్పష్టంగా ఉండాలి. సొంత వ్యాపారమైతే మీరు లేనప్పుడు ఎవరు చూస్తారో ఒక వాక్యం రాయండి.

డబ్బు విషయంలో ఆఫీసర్లు చూసేది మొత్తం కన్నా దాని నడక. నెలనెలా జీతమో పెన్షనో పడుతూ, ఖర్చవుతూ, మెల్లగా పెరిగిన ఖాతా నమ్మకం కలిగిస్తుంది. దరఖాస్తుకు వారం ముందు ఒక పెద్ద మొత్తం వచ్చి పడితే అనుమానం వస్తుంది. నా మొదటి దీర్ఘ ప్రయాణానికి ఒక దేశపు వీసా ఇలాగే పోయింది. స్థలం అమ్మిన డబ్బు ఖాతాలో వేశాను, అమ్మకం కాగితం మాత్రం జతచేయలేదు. డబ్బు నాదే, మూలం చూపించలేదు, అంతే. రెండోసారి ఆ దస్తావేజు కాపీ పెడితే అదే ఖాతా మీద వీసా వచ్చింది. షెంగెన్ దేశాలు రోజుకు ఎంత చూపించాలో విడివిడిగా ప్రకటిస్తాయి. దాన్ని మీ రోజులతో గుణించి, పైన కొంత మిగిలేలా చూసుకోండి. పిల్లలు ఖర్చు పెడుతుంటే వాళ్ల ఆహ్వాన లేఖ, ఆదాయం కాగితాలు, బంధుత్వం చూపే సర్టిఫికెట్ మూడూ కావాలి.

షెంగెన్‌కు ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. కనీసం 30,000 యూరోల కవరేజీతో, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేలా ఉండాలి. అడగని దేశాలకు వెళ్తున్నా తీసుకోండి, నెలల ప్రయాణంలో ఆస్పత్రి అవసరం రాదని ఎవరూ చెప్పలేరు. ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్ లాంటి జబ్బులకు పాలసీ వర్తిస్తుందో లేదో చదివాకే కొనండి. మందుల సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. ఉదాహరణకు జపాన్‌కు డాక్టర్ రాసిన మందులు నెలకు మించి తీసుకెళ్లాలంటే ముందస్తు అనుమతి పత్రం కావాలి.

టికెట్లకు రిజర్వేషన్ చాలు, వీసా రాకముందు డబ్బు కట్టేయమని చాలా ఎంబసీలే చెప్పవు. రద్దు చేసుకోగల నిజమైన బుకింగ్ పెట్టండి. దొంగ బుకింగ్ కాగితం తయారు చేసిచ్చే వాళ్ల జోలికి మాత్రం వెళ్లకండి.

7. ఫారం, ఇంటర్వ్యూ

ఫారం ఏజెంటు నింపినా, సంతకం మీది. ప్రతి గడీ మీరే చదవండి. గతంలో వీసా రిజెక్ట్ అయిందా అన్న ప్రశ్నకు అయితే అయిందనే రాయాలి. రిజెక్ట్ కావడం వల్ల తలుపులు మూసుకుపోవు, దాచడం వల్ల మూసుకుపోతాయి. బ్రిటన్‌లో మోసపూరిత సమాచారమని తేలితే పదేళ్ల నిషేధం దాకా పడుతుంది. అమెరికాలో కావాలని అబద్ధం చెప్పినట్టు తేలితే ఆ అనర్హత జీవితాంతం వెంటాడుతుంది.

అమెరికా ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. అక్కడి చట్టంలో 214(బీ) అనే సెక్షన్ ప్రకారం, తిరిగి వెళ్తారని మీరు నిరూపించేదాకా వలస వచ్చేవారిగానే భావిస్తారు. ఎన్నాళ్లు ఉంటారంటే "చూద్దాం, ఆరు నెలలు ఇస్తారుగా" అనకండి. "పది వారాలు, ఆగస్టు మొదట్లో తిరిగి వస్తాం" అని, ఫారంలో రాసిందే చెప్పండి.

షెంగెన్ ఫీజు 2024 జూన్ 11 నుంచి పెద్దలకు 90 యూరోలు. వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. వేలిముద్రలు మాత్రం 59 నెలల పాటు వాడుకుంటారు కాబట్టి ప్రతిసారీ ఇవ్వక్కర్లేదు.

8. దిగిన రోజు

వీసా ఉన్నా లోపలికి పంపే నిర్ణయం కౌంటర్‌లో ఉన్న ఆఫీసర్‌దే. తిరుగు టికెట్, ఉండబోయే చిరునామా, ఇన్సూరెన్స్, అక్కడి బంధువుల ఫోన్ నంబరు చేతిసంచిలో కాగితం మీద ఉంచుకోండి. చెక్-ఇన్ బ్యాగులో పెడితే అక్కడ పనికి రావు.

పాస్‌పోర్ట్ చేతికి రాగానే పక్కకు జరిగి స్టాంపు చదవండి. తేదీ సరిగా ఉందా? చేత్తో ఏమైనా రాశారా? కెనడాలో ఆఫీసర్ వేరే తేదీ రాయకపోతే ఆరు నెలలు. అమెరికాలో స్టాంపుతో సరిపెట్టుకోకుండా ఐ-94ను ఆన్‌లైన్లో చూసుకోవాలి. పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడి ఉంటే కొందరికి ఆరు నెలలకు బదులు ఆ గడువు వరకే ఇస్తారు, అది అక్కడే తెలుస్తుంది. తప్పుంటే ఎయిర్‌పోర్టులో ఉండగానే అడగడం తేలిక. షెంగెన్ సరిహద్దుల్లో 2025 అక్టోబర్ 12 నుంచి ఈఈఎస్ అనే కంప్యూటర్ పద్ధతి దశలవారీగా మొదలైంది. స్టాంపుకు బదులు ముఖం, వేలిముద్రలు, తేదీలు నమోదవుతాయి. ఇక స్టాంపు చెరిగిపోయిందనే మాటకు తావులేదు, ఒక్క రోజు ఎక్కువైనా యంత్రమే పట్టేస్తుంది.

9. ఇంకొన్నాళ్లు ఉండాలనిపిస్తే

పొడిగింపు అడగాలంటే ఉన్న గడువు అయిపోకముందే అడగాలి. కెనడాలో కనీసం 30 రోజుల ముందు దరఖాస్తు చేయమంటారు. సమయానికి పెట్టుకుంటే నిర్ణయం వచ్చేదాకా అక్కడ ఉండొచ్చు. అమెరికాలో ఐ-539 ఫారం, కనీసం 45 రోజుల ముందు పంపమని సలహా. షెంగెన్‌లో మాత్రం తీవ్రమైన అనారోగ్యం, ఊహించని విపత్తు, మానవతా కారణాలు, బలమైన వ్యక్తిగత కారణాలకు తప్ప పొడిగించరు. ఊరు బాగా నచ్చింది అన్నది కారణం కాదు.

పొరుగు దేశానికి వెళ్లి మర్నాడే తిరిగి రావడాన్ని వీసా రన్ అంటారు. ఒకసారి పనిచేయొచ్చు. దాని మీద ఆధారపడి ఆరు నెలల అద్దె కట్టేయడం తప్పు, వెనక్కి పంపితే ఇల్లూ సామానూ అవతల, మీరు ఇవతల.

ఓవర్‌స్టే ఖరీదు దేశాన్ని బట్టి ఉంటుంది. థాయ్‌లాండ్‌లో రోజుకు 500 బాత్, గరిష్ఠం 20,000. 90 రోజులు దాటితే జరిమానాతో పాటు నిషేధం కూడా. ఇండోనేషియాలో రోజుకు 10 లక్షల రుపియా (అక్కడి కరెన్సీ). అమెరికాలో డబ్బుతో పోదు. 180 రోజులు దాటాక వెళ్లిపోతే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి రానివ్వరు. ఒక్క రోజు ఎక్కువ ఉన్నా చేతిలో ఉన్న ఆ వీసా చెల్లదు.

పన్నుల మాట కూడా గుర్తుంచుకోండి. చాలా దేశాల్లో ఏడాదిలో 183 రోజులు దాటితే, థాయ్‌లాండ్‌లో 180 రోజులకే, పన్నుల లెక్కలో స్థానికులవుతారు. వీసా అనుమతించినా ఈ గీత దాటే ముందు తెలిసినవారిని అడగండి.

10. రిజెక్ట్ అయితే

షెంగెన్ తిరస్కరణ ఒక ఫారం మీద వస్తుంది, కారణాల గళ్లలో టిక్ పెట్టి ఉంటుంది. దాన్ని పక్కన పెట్టుకుని ఫైలు మళ్లీ చదవండి. ఆఫీసర్ పొరబడితే అప్పీలు చేయొచ్చు, గడువు ఆ కాగితం మీదే ఉంటుంది. మీ ఫైలులోనే లోటుంటే దాన్ని పూడ్చి కొత్తగా పెట్టుకోవడం త్వరగా తేలుతుంది. అదే ఫైలు అలాగే మళ్లీ ఇస్తే అదే జవాబు వస్తుంది. ఎక్కువ రోజులు అడగడమే కారణమని తోస్తే, ఈసారి మూడు వారాలకు అడిగి, వెళ్లి, చెప్పిన రోజుకు తిరిగి వచ్చి, తర్వాత మూడు నెలలకు అడగండి.

11. తిరిగి వచ్చేటప్పుడు

బయటికి వచ్చిన రుజువు దాచుకోండి. బోర్డింగ్ పాస్, వెళ్లేటప్పుడు పడిన స్టాంపు ఫొటో, టికెట్టు. రోడ్డు మీదుగానో రైల్లోనో సరిహద్దు దాటితే ఇవి మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ నమోదు తప్పిపోయే అవకాశం ఎక్కువ. అవతలి దేశంలో పడిన ఎంట్రీ స్టాంపే మీరు ఇవతలి నుంచి వెళ్లారనడానికి సాక్ష్యం.

పాత పాస్‌పోర్టులు పారేయకండి. షెంగెన్ వీసా నియమావళిలో, రెండేళ్లలో మూడు వీసాలు సక్రమంగా వాడినవారికి మామూలుగా ఏడాది మల్టిపుల్ ఎంట్రీ వీసా, తర్వాత రెండేళ్లది, ఆపైన అయిదేళ్లది ఇవ్వాలని ఉంది. ఆ చరిత్ర అడిగినప్పుడు చూపించాల్సింది ఆ పాత పేజీలనే. నేను ప్రతి వీసా పేజీనీ, దాని పక్కన పడిన ఎంట్రీ, ఎగ్జిట్ స్టాంపులనూ స్కాన్ చేసి, కింద రోజుల సంఖ్య రాసి ఒకే ఫోల్డర్‌లో ఉంచుతాను. కొత్త దరఖాస్తు పెట్టే రోజున ముందు తెరిచేది ఆ ఫోల్డరే.